తాల్చేరు బొగ్గు – కోలారు వెలుగు

మీట నొక్కిన మరుక్షణం దీపం వెలుగుతుంది. ఆ వెలుగు ఏ ఊరినుండి, ఏ దారిన వచ్చినదో విచారించే అలవాటు లోకంలో తక్కువ. నీరు త్రాగేవాడు ఎప్పుడో ఒకప్పుడు చెరువును తలచుకొంటాడు. అన్నం తినేవాడు పొలాన్ని తలచుకొంటాడు. దీపం క్రింద చదువుకొనేవాడు మాత్రం బొగ్గుగనిని తలచుకోడు. చెరువు, పొలం కంటికి కనబడతాయి. కరెంటు పుట్టిన చోటు వందల మైళ్ళ దూరాన ఉంటుంది. కోలారు సీమలో వెలిగే దీపాలకు ఇరవై సంవత్సరాలకు పైగా ఒడిశాలోని తాల్చేరు బొగ్గుతో బాంధవ్యం ఉన్నదన్న సంగతి ఈ సీమవారిలోనే చాలమందికి తెలియదు. ఆ బాంధవ్యం ఎట్లు కుదిరినదో చెప్పాలంటే కథను నూట ఇరవై ఏండ్ల వెనుకనుండి ఎత్తుకోవాలి.

కోలారు బంగారు గనులలో జాన్ టేలర్ సంస్థ త్రవ్వకాలు ప్రారంభించినది 1880లో. తెలుగువారు, తమిళులు ఎందరో కూలికోసం అక్కడికి తరలివచ్చారు. గనిలోతునుండి రాతిని, నీటిని పైకి లాగే యంత్రాలన్నీ ఆ రోజులలో ఆవిరితో నడిచేవి. ఆవిరికి కట్టెలు, బొగ్గు కావాలి. మైసూరు సంస్థానంలో బొగ్గు లేదు. దూరదేశాలనుండి తెప్పించుకొనే బొగ్గుకు అయ్యే ఖర్చు గనియజమానులకు భారంగా ఉండేది. అప్పుడు దివాన్ శేషాద్రి అయ్యరు కాలంలో ఒక సాహసమైన ఆలోచన రూపు దిద్దుకొన్నది. శివసముద్రం వద్ద కావేరి జలపాతంతో విద్యుత్తు పుట్టించి, దానిని తీగల మీద 147 కిలోమీటర్ల దూరం నడిపించి, గనులకు చేర్చాలన్నదే ఆ ఆలోచన. 1902 జూన్‌లో అది ఫలించినది. ప్రపంచంలో అప్పటికి అంత దూరం సాగిన విద్యుత్ లైన్లు చాల అరుదు. బెంగుళూరు నగర వీధులలో విద్యుద్దీపాలు వెలిగినది 1905లో. అంటే రాజధానికంటే ముందుగా గనికార్మికుని పరిసరాలకు కరెంటు చేరినదన్నమాట. ఈ గౌరవం కార్మికుని కోసం కాక బంగారం కోసం లభించినదని వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ విధంగా బొగ్గును తప్పించుకొనడానికే ఈ సీమకు విద్యుత్తు వచ్చినది. ఆ తరువాత అర్ధశతాబ్ది పైగా కర్ణాటకం నీటి విద్యుత్తునే నమ్ముకొన్నది. జోగ్ జలపాతం వద్ద 1940ల చివర, శరావతి మీద 1960ల దశకంలో వెలసిన కేంద్రాలు ఈ రాష్ట్రానికి వెన్నెముకలైనాయి. నీటి విద్యుత్తు చౌక. దానికి పొగ లేదు, బూడిద లేదు. అయితే దానికి ఒక యజమాని ఉన్నాడు: వానదేవుడు.

దేశంలోని ఇతర నగరాల కథ వేరు. కలకత్తాలో 1899 ఏప్రిల్‌లో బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం ప్రారంభమైనది. మదరాసు నగరానికి బేసిన్ బ్రిడ్జి వద్ద, హైదరాబాదుకు హుస్సేన్ సాగరు ఒడ్డున బొగ్గు కేంద్రాలు వెలిసినాయి. నిజాం కాలంలో, 1920 ప్రాంతంలో నెలకొన్న ఆ హుస్సేన్ సాగరు కేంద్రం నగరం తన చుట్టూ పెరిగిపోగా, దాని పొగను నగరం భరించలేక మూతపడినది. అది ఉండిన చోటికి ఈనాడు జనం వాహ్యాళికి వెళుతున్నారు. దానికి సింగరేణి గనులు అండగా ఉండేవి. 1871 ప్రాంతంలో విలియం కింగ్ అనే భూగర్భశాస్త్రవేత్త ఇల్లెందు దాపున ఈ నిక్షేపాన్ని గుర్తించగా, 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ త్రవ్వకపు హక్కులు పొందినది. ఆ కంపెనీయే 1920 డిసెంబరులో సింగరేణి కాలరీస్ అయినది. తెలుగు పెద్దలు ఈ ఖనిజానికి పెట్టిన పేరు రాక్షసి బొగ్గు. ఎంత తిన్నా ఆకలి తీరని రాక్షసునికీ, ఎంత మేసినా చాలని బాయిలరుకూ పోలిక ఉన్నది గనుక ఆ పేరు అనుకోకుండా బాగా అమరినది.

ఉష్ణ విద్యుత్ కేంద్రం పనిచేసే తీరు ఉన్నత పాఠశాల విద్యార్థికి కూడ సులభంగా బోధపడుతుంది. బొగ్గును పిండివలె మెత్తగా విసరి, వేడి గాలితో కలిపి బాయిలరులోనికి ఊదుతారు. అది మండి, గొట్టాలలోని నీటిని అధిక పీడనం గల ఆవిరిగా మారుస్తుంది. ఆవిరి టర్బైను రెక్కలను త్రిప్పుతుంది. టర్బైనుకు జతపడిన జనరేటరు నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది. సెకనుకు యాభై చుట్లు. మన ఇండ్లలోని విద్యుత్తుకు సెకనుకు యాభై ఆవర్తనాలు ఉండడంలోని రహస్యం ఇదే. పని ముగిసిన ఆవిరిని చల్లబరచి మరల నీరుగా చేసి బాయిలరుకు పంపుతారు. రైలు కిటికీలోనుండి దూరాన కనిపించే, నడుము సన్నగా ఉన్న ఆ బ్రహ్మాండమైన కట్టడాలు పొగగొట్టాలు కావు. అవి నీటిని చల్లబరచే గోపురాలు. వాటినుండి లేచేది పొగ కాదు, నీటి ఆవిరి. పొగ వచ్చేది ప్రక్కన సన్నగా, మిక్కిలి ఎత్తుగా నిలిచిన గొట్టంనుండి. పిల్లలే కాక పెద్దలు కూడ ఈ రెంటినీ తారుమారు చేస్తూ ఉంటారు.

లెక్క కొంత చూడవలసి ఉన్నది. 500 మెగావాట్ల యూనిట్ ఒకటి పూర్తి సామర్థ్యంతో ఒక రోజు నడిస్తే 1 కోటి 20 లక్షల యూనిట్ల విద్యుత్తు లభిస్తుంది. అందుకు సుమారు 8,000 టన్నుల బొగ్గు కావాలి. అంటే రోజుకు రెండు గూడ్సు రైళ్ళ బొగ్గు. భారతదేశపు బొగ్గులో బూడిద పాలు మూడింట ఒకవంతుకు పైమాటే గనుక, అదే రోజు ఆ యూనిట్ దాదాపు 3,000 టన్నుల బూడిదను కూడ కుప్పపోస్తుంది. బొగ్గులోని వేడిలో విద్యుత్తుగా మారేది మూడవ వంతుకు కొంచెం ఎక్కువ. తక్కినదంతా గాలికి, నీటికి పోతుంది. రెండు మూడు వందల మైళ్ళ దూరం రైలులో బొగ్గు మోయడమంటే అందులో మూడవ వంతు మట్టిని మోయడమే. ఈ చిన్న లెక్కలోనే తరువాతి చరిత్ర యావత్తూ దాగి ఉన్నది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశం మొత్తం మీద విద్యుదుత్పత్తి సామర్థ్యం 1,362 మెగావాట్లు. ఈనాడు రామగుండం కేంద్రం ఒక్కటే దానికి దాదాపు రెండింతలు. 1948 నాటి విద్యుత్ సరఫరా చట్టంతో రాష్ట్రాలలో విద్యుత్ బోర్డులు ఏర్పడినాయి. ఈ పాఠశాల వయస్సు, ఆ చట్టం వయస్సు ఇంచుమించు ఒకటే. ఆ తొలి సంవత్సరాలలో బడికి వచ్చిన పిల్లలలో పెక్కుమంది ఇంటివద్ద చదువుకొన్నది కిరసనాయిలు బుడ్డి వెలుగులోనే. అప్పటి పల్లెలకు కరెంటు అంటే పట్నంలో చూసివచ్చిన వింత.

వానలు కురవని సంవత్సరాలలో శరావతి జలాశయం అడుగంటేది. అప్పుడు కర్ణాటకంలో కర్మాగారాలకు కరెంటు కోత, ఇండ్లకు కరెంటు కోత. నీటిని మాత్రమే నమ్ముకొన్న రాష్ట్రం మరొక చేతిని చాపక తప్పలేదు. అదే కాలంలో కేంద్ర ప్రభుత్వం 1971–73 మధ్య బొగ్గుగనులను జాతీయం చేసినది. 1975 నవంబరులో కోల్ ఇండియా, జాతీయ ఉష్ణ విద్యుత్ సంస్థ అయిన ఎన్.టి.పి.సి. రెండూ వారం రోజుల తేడాతో అవతరించినాయి. కొత్త సంస్థ పాటించిన సూత్రం సులభమైనది: బొగ్గును పట్నాల దగ్గరకు మోయవద్దు, గనిముఖంలోనే కేంద్రం కట్టి కరెంటును పంపాలి. మూడవ వంతు మట్టిని రైళ్ళలో మోయడం కంటె తీగల మీద విద్యుత్తును పంపడం చౌక. ఈ సూత్రం ప్రకారం సింగ్రౌలీ, కోర్బా, రామగుండం కేంద్రాలు వెలిసినాయి. రామగుండానికి 1978 నవంబరులో నాటి ప్రధాని మొరార్జీ దేశాయి శంకుస్థాపన చేయగా, 1983లో తొలి యూనిట్ నడిచినది. గోదావరి ఒడ్డున సింగరేణి బొగ్గుతో పుట్టిన ఆ కరెంటులో కర్ణాటకానికి, తమిళనాడుకు, కేరళకు కూడ వాటా ఏర్పడినది. ఒక భాషవారి నేలలో త్రవ్విన బొగ్గు నాలుగు భాషలవారి ఇండ్లలో దీపమైనది. కర్ణాటకం తన సొంత బొగ్గు కేంద్రాన్ని కృష్ణానది ఒడ్డున రాయచూరు వద్ద నిర్మించుకొని 1985లో తొలి యూనిట్‌ను నడిపినది. దానికీ సింగరేణి బొగ్గు రైళ్ళలో వచ్చేది. బళ్ళారి, విజయపుర ప్రాంతాల కేంద్రాలు ఆ తరువాతివి.

ఇంత జరిగినా 1990ల దశకంలో దక్షిణాదికి విద్యుత్తు చాలలేదు. బోర్లు పెరిగినాయి, కర్మాగారాలు పెరిగినాయి, బెంగుళూరు పెరిగినది. సెకనుకు యాభై ఉండవలసిన ఆవర్తనాలు నలభై ఎనిమిదిన్నరకు దిగజారిన రోజులు ఉండేవి. ట్యూబులైట్లు మిణుకుమిణుకుమని ఆరిపోయేవి, మోటార్లు కాలిపోయేవి. పరీక్షల నెలలో సాయంకాలం కరెంటు కోత అంటే ఏమిటో ఆ తరం విద్యార్థులకు, వారి తల్లులకు ఎవరూ వివరించనక్కరలేదు. విచిత్రమేమంటే అదే సమయంలో తూర్పు రాష్ట్రాలలో వాడకానికి మించిన విద్యుత్తు ఉండేది. అక్కడ ఆవర్తనాలు యాభైని దాటిపోయేవి. ఒక ఇంట అన్నం మిగిలి, ప్రక్క ఇంట పస్తు ఉన్నట్లు ఉండేది దేశపు పరిస్థితి.

మరి రెండు ఇండ్లకూ తలుపు తీయరాదా? ఆవర్తనాలు వేరైన రెండు వ్యవస్థలను సామాన్యమైన తీగలతో కలపడం వీలు కాదు. వేరువేరు వేగాలతో నడిచే రెండు బండ్ల ఇరుసులను ఒకటిగా బిగించినట్లవుతుంది. అందుకే ఏకముఖ విద్యుత్తును ఆశ్రయించారు. ఒక చివర ప్రత్యావర్తి విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మార్చి పంపి, రెండవ చివర మరల ప్రత్యావర్తిగా మార్చుకొంటే ఇరువైపుల ఆవర్తనాల గొడవ ఉండదు. పైగా బహుదూరం పంపినప్పుడు దారిలో నష్టం కూడ తక్కువ. 1990ల చివరి సంవత్సరాలలో చంద్రపురం జిల్లాలోని భద్రావతి వద్ద, విశాఖపట్టణం గాజువాక వద్ద ఇటువంటి మార్పిడి కేంద్రాలు ఏర్పడినాయి. తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న చంద్రపురం, జయపురం ప్రాంతాల మీదుగానే దక్షిణాదికి ఈ కొత్త తలుపులు తెరుచుకొన్నాయి. అయితే అవి కిటికీలవంటివి. సింహద్వారం తెరుచుకొన్నది కోలారులో.

తాల్చేరు ఒడిశాలో బ్రాహ్మణీ నది తీరాన ఉన్నది. అక్కడ రాష్ట్ర విద్యుత్ బోర్డు 1960ల చివర ప్రారంభించిన ఒక కేంద్రం ఉండేది. నిర్వహణ లోపంతో అది కుంటుతూ, తన శక్తిలో మూడవ వంతు కూడ ఉత్పత్తి చేయలేని స్థితికి వచ్చినది. 1995 జూన్‌లో ఎన్.టి.పి.సి. దానిని స్వీకరించి, కొన్ని సంవత్సరాలలో అవే యంత్రాలచేత తొంబది శాతం సామర్థ్యంతో పనిచేయించినది. యంత్రం పాతదైనంత మాత్రాన పనికిరానిది కాదనడానికి విద్యుత్ ఇంజనీర్లు నేటికీ ఈ కేంద్రాన్నే ఉదాహరణగా చెప్పుకొంటారు. ఇంజనీర్లే కాక ఇతరులూ చెప్పుకోదగిన ఉదాహరణ అది. సమీపంలోనే కణిహ వద్ద అదే సంస్థ నిర్మించిన పెద్ద కేంద్రంలో 500 మెగావాట్ల తొలి యూనిట్ 1995లో నడిచినది. రెండవ దశలో మరి నాలుగు యూనిట్లు చేరి, 2005 నాటికి మొత్తం 3,000 మెగావాట్లైనది. పూర్తిగా నడిచిన రోజున ఆ కేంద్రానికి నలభై వేల టన్నులకు పైగా బొగ్గు కావాలి. నీరు బ్రాహ్మణీ నది మీది సామల్ ఆనకట్టనుండి వస్తుంది.

ఆ రెండవ దశ విద్యుత్తును దక్షిణ రాష్ట్రాలకు ఉద్దేశించారు. దానిని మోయడానికి తాల్చేరునుండి కోలారువరకు సుమారు 1,400 కిలోమీటర్ల దూరం, 500 కిలోవోల్టుల పీడనంతో ఏకముఖ విద్యుత్ మార్గాన్ని పవర్ గ్రిడ్ సంస్థ నిర్మించినది. దాని సామర్థ్యం మొదట 2,000 మెగావాట్లు. 2007లో 2,500కు పెంచారు. 2003లో ఆ మార్గం పనిచేయడం ఆరంభించినది. ఒడిశా కొండలనుండి బయలుదేరి, ఆంధ్రదేశాన్ని ఈ కొసనుండి ఆ కొసకు దాటి, కోలారు పీఠభూమిని చేరుతుంది ఆ తీగ. కోలారునుండి 400 కిలోవోల్టుల తీగలు బెంగుళూరుకు, తమిళనాడుకు, కడపకు పాయలుగా చీలిపోతాయి.

కాలం చేసిన చమత్కారం ఇక్కడ గమనించదగినది. 1902లో బొగ్గు ఖర్చును తప్పించుకోవడానికి నీటి విద్యుత్తును తెచ్చుకొన్న బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినాయి. అటు తరువాత రెండేండ్లకే బొగ్గు విద్యుత్తు కోలారు సీమను వెదకుకొంటూ వచ్చినది. గనులలో పనిచేసిన కుటుంబాలవారు వేకువరైలులో బెంగుళూరుకు పనికి వెళ్ళి రాత్రికి తిరిగివచ్చే జీవితానికి అలవాటు పడుతున్న రోజులవి. వారు పనిచేయబోయే బెంగుళూరు కర్మాగారాలను నడిపించే విద్యుత్తులో ఒక భాగం వారి జిల్లా మీదుగానే పోతున్నది. ఆ తీగలు వారి బ్రతుకులను ఎంత మార్చినాయన్నది వేరే ప్రశ్న. విద్యుత్తు వచ్చినంత మాత్రాన ఉద్యోగం రాదని ఈ సీమకు తెలిసినంతగా మరే సీమకూ తెలియదు.

ఆ మార్గం విలువ 2012లో దేశమంతటికీ తెలిసినది. ఆ సంవత్సరం జూలై 30, 31 తేదీలలో ఉత్తర భారతం, రెండవ రోజున తూర్పు, ఈశాన్య రాష్ట్రాలు కూడ చీకటిలో మునిగినాయి. రెండవనాడు అరవై కోట్ల మంది నివసించే ప్రాంతాలలో కరెంటు పోయినది. రైళ్ళు పట్టాల మీదనే నిలిచిపోయినాయి. దక్షిణాదికి మాత్రం ఆ చీకటి సోకలేదు. ఏకముఖ మార్గాలతోనే తక్కిన దేశంతో కలిసి ఉండడంవలన అక్కడి ఆవర్తనాల అల్లకల్లోలం ఇటు ప్రాకలేకపోయినది. తరువాత 2013 డిసెంబరు 31న రాయచూరు – సోలాపురం మధ్య 765 కిలోవోల్టుల మార్గంతో దక్షిణాది కూడ జాతీయ వలలో నేరుగా చేరినది. అప్పటినుండి కాశ్మీరంనుండి కన్యాకుమారివరకు జనరేటర్లన్నీ ఒకే లయతో తిరుగుతున్నాయి.

ఇంతవరకు వెలుగు సంగతి. పొగ సంగతి కూడ చెప్పకపోతే చరిత్ర సగమే అవుతుంది. కోలారుకు వచ్చేది కరెంటు. బూడిద తాల్చేరులోనే మిగిలిపోతుంది. గనులకోసం, కేంద్రాలకోసం, బూడిద చెరువులకోసం అక్కడి పల్లెలవారు భూములను వదులుకొన్నారు. వేసవిలో అగ్నిగుండంవలె మండే ఊరుగా తాల్చేరుకు పేరు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలో తీవ్ర కాలుష్యానికి గురైన పారిశ్రామిక ప్రాంతాలను గుర్తించినప్పుడు అంగుల్ – తాల్చేరు అందులో ఉన్నది. గనిముఖ సూత్రం రైలు ఖర్చును తగ్గించినది, దేశానికి మేలు చేసినది, అందులో సందేహం లేదు. కాని పొగను అనుభవించేవారిని, దీపాన్ని అనుభవించేవారిని వేరుచేసినది కూడ ఆ సూత్రమే. హుస్సేన్ సాగరు ఒడ్డున పొగ ఎగసినప్పుడు నగరం గొంతెత్తినది, కేంద్రం మూతపడినది. తాల్చేరు గొంతు బెంగుళూరుకు వినపడదు.

ప్రభుత్వం కొన్ని నిబంధనలు చేసినది. బూడిదను ఇటుకలకు, సిమెంటుకు వాడాలని 1999లో ఆదేశించినది. నేడు సిమెంటు బస్తాలలో ఉష్ణ కేంద్రాల బూడిద గణనీయంగా చేరుతున్నది. గంధకపు పొగను అరికట్టే యంత్రాలు పెట్టాలని 2015లో నిర్ణయించినా, గడువులు పలుమార్లు పొడిగింపబడినాయి; 2025 జూలైలో అధికభాగం కేంద్రాలకు ఆ నిబంధననుండి మినహాయింపు లభించినది. భూతాపానికి కారణమైన బొగ్గుపులుసు వాయువు సంగతి సరేసరి. ఒక యూనిట్ బొగ్గు విద్యుత్తుకు అది దాదాపు ఒక కిలో చొప్పున గాలిలో కలుస్తుంది.

మరి బొగ్గును మానివేయరాదా అని నేటి విద్యార్థులు అడుగుతున్నారు. అడగదగిన ప్రశ్నయే. కర్ణాటకంలోని తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో, తెలుగు మాట వీధివీధినా వినిపించే పల్లెల మధ్య, సుమారు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం వెలసినది. అక్కడ రైతులనుండి భూములు కొనలేదు, కౌలుకు తీసుకొన్నారు. వరుస కరవులతో పైరు పండని నేల ఏటేటా కౌలు పండిస్తున్నది. తాల్చేరు రైతుకు లభించని ఈ పద్ధతి పావగడ రైతుకు లభించడం గమనింపదగిన మార్పు. 2025 నడుమకు వచ్చేసరికి దేశపు విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు వంటి ఇంధనాలు కాని మార్గాలదే అయినది.

అయినను సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. ప్రొద్దు క్రుంకితే పావగడ పలకలు నిద్రపోతాయి. పిల్లలు పుస్తకం తెరిచేది, ఇల్లాలు మిక్సీ త్రిప్పేది, వీధిదీపాలు వెలిగేది అప్పుడే. ఆ వేళ భారం బొగ్గు మీదనే పడుతున్నది. అందుకే సామర్థ్యంలో సగానికి తక్కువైనా, దేశంలో ఏడాది పొడవునా పుట్టే విద్యుత్తులో నూటికి డెబ్బది పాళ్ళు నేటికీ బొగ్గు కేంద్రాలనుండే వస్తున్నది. 2024 మే 30న దేశపు గరిష్ఠ వాడకం 2,50,000 మెగావాట్లను తాకినది. 2024–25లో బొగ్గు ఉత్పత్తి మొదటిసారిగా నూరు కోట్ల టన్నులు దాటినది. పగటి ఎండను రాత్రికి దాచే బ్యాటరీలు, నీటిని ఎత్తిపోసి నిలువచేసే పథకాలు వస్తున్నాయి గాని ఈ పరిమాణానికి అవి ఇంకా చాలవు.

పాత కేంద్రాలు ఒక్కొక్కటే నేలకొరుగుతున్నాయి. కొత్తగూడెంలో 1960లనుండి పనిచేసిన పాత యూనిట్లు 2020 నాటికి ఆగిపోగా, వాటి ఎనిమిది గోపురాలను 2024 ఆగస్టులో కూల్చివేశారు. రామగుండంలో 1971నాటి 62.5 మెగావాట్ల యూనిట్‌ను 2024లో మూసివేశారు. తొంబది శాతం పనిచేసి పేరు తెచ్చుకొన్న ఆ పాత తాల్చేరు కేంద్రం 2021 మార్చి 31న చివరి యూనిట్‌ను ఆపినది. అదే స్థలంలో 660 మెగావాట్ల యూనిట్లు రెండింటికి 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగినది.